సద్దిమూట నుంచి హోటలు దాకా

"బయట తినడం" అన్న మాటకు మా ఇంట్లో రెండు అర్థాలుండేవి. ఒకటి, డబ్బిచ్చి హోటల్లో తినడం. ఇది ఏడాదికి నాలుగైదుసార్లకు మించి జరిగేది కాదు. మా నాయనమ్మ దృష్టిలో అదీ ఎక్కువే. రెండవది, ఊరి బయట చెట్టుకింద ఇంటిల్లిపాదీ కూర్చుని ఇంటి అన్నమే తినడం. ఇది పుణ్యకార్యం. తినే మనుషులు వాళ్ళే, తినేదీ ఆ బియ్యమే, ఆ పప్పే. అయినా ఒకటి మైల ఎందుకైంది, మరొకటి పుణ్యం ఎందుకైంది అన్న సందేహం చిన్నప్పుడే కలిగింది కానీ, దానికి జవాబు వెతకాలన్న తీరిక మాత్రం ఈమధ్యనే చిక్కింది. వెతుకుతూ పోతే ఆ సందేహం మా ఇంటిని దాటి, ఓరుగల్లు వీధుల దాకా, బొగ్గుబావుల దాకా, చివరికి రాజ్యాంగం దాకా తీసుకుపోయింది. ఆ దారిలో తెలిసినవన్నీ ఒకచోట చేర్చాలన్నదే ఈ టపా ఉద్దేశం.

ముందుగా ఊరి సంగతి. పినపాక గోదావరికి కుడి ఒడ్డున, అడవి అంచున ఉంటుంది. మా చిన్నతనంలో ఖమ్మం జిల్లా. 2016 అక్టోబరు నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఒకవైపు మణుగూరు బొగ్గుగనులు, మరోవైపు ఏడూళ్ళ బయ్యారం మీదుగా మంగపేట, ఏటూరునాగారం పోయే అడవి దారి. నది వెంబడి కిందికి పోతే భద్రాచలం. చుట్టూ కోయగూడేలు. ఎనభయ్యవ దశకం మొదట్లో మా నాన్నగారు అక్కడి సర్కారు బడిలో పంతులు. ఊళ్ళో కూర్చుని తినే చోటంటూ ఒకటుంటే, అది తాటాకు పందిరి కింద బల్ల వేసిన చాయ్ కొట్టే. అసలైన హోటలుకు పోవాలంటే మణుగూరు బస్సు ఎక్కాల్సిందే.

అన్నం అమ్మడమన్నది తెలుగువాళ్ళకు కొత్త కాదు. పినపాక నుంచి పడమటగా అడవులు దాటిపోతే వచ్చే ఓరుగల్లులోనే దానికి చక్కటి సాక్ష్యం ఉంది. క్రీడాభిరామం వినుకొండ వల్లభరాయని పేర ఉన్న వీథి రూపకం. శ్రీనాథుడే వ్రాశాడని వాదించే పండితులూ ఉన్నారు. అందులో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు కాకతీయుల నాటి ఓరుగల్లును ఒక రోజంతా తిరిగి చూస్తారు. అప్పటి పూటకూటింటి ప్రసక్తి కూడా అక్కడే వస్తుంది. ఒక్క రూక ఇస్తే మేలిరకం బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నంచుకోవడానికి నాలుగైదు రకాలు, గడ్డపెరుగు. ఈ జాబితా చదివినప్పుడల్లా నాకు మణుగూరు హోటల్లోని 'ఫుల్ మీల్స్' పళ్ళెం గుర్తుకొస్తుంది. అయిదారువందల ఏళ్ళలో భోజనపు క్రమం పెద్దగా మారనేలేదు! సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో ఇటువంటి కావ్యాలను గాలించే మన పూర్వుల తిండితిప్పలను బయటికి తీశారు. రాజుల యుద్ధాల కన్నా పూటకూటింటి పెరుగన్నం కూడా చరిత్రే అని మనకు నేర్పిన పుస్తకమది.

అయితే పూటకూళ్ళు ఉన్నాయన్నంత మాత్రాన వాటికి గౌరవం ఉన్నదని కాదు. అన్నం పెట్టడం పుణ్యం, అన్నం అమ్మడం తప్పు అన్న భావం మన సమాజంలో చాలా లోతుగా పాతుకుని ఉంది. గురజాడవారి కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మను గుర్తు తెచ్చుకోండి. ఆమెకు ఆ నాటకంలో సొంత పేరే లేదు. చేసే పనే పేరు. 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో పూర్తిగా తిరగరాసిన రూపంలో వచ్చిన ఆ నాటకంలో ఆమె విధవ. దిక్కులేని ఆడది తలెత్తుకు బతకడానికి చేతనైన వంటనే ఆధారం చేసుకుంది. ఊరంతా ఆమె చేతి అన్నం తింటుంది, ఊరంతా ఆమెను చులకనగా మాట్లాడుతుంది. గిరీశం వంటివాడు ఆమె డబ్బు కూడా తింటాడు.

అదే కాలంలో గోదావరి దిగువన, లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) ఉన్నారు. రేవు దాటి వచ్చేపోయే బాటసారులకు వేళ కాని వేళ అన్నం పెట్టి 'అన్నపూర్ణ' అనిపించుకున్నారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. ఒకరు కథలోని మనిషి, ఒకరు నిజంగా బతికిన మనిషి, పోల్చకూడదనవచ్చు. కానీ ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది అదే గరిటె. ఒకరిది డబ్బు తీసుకోని వంట గనుక దేవత, మరొకరిది డబ్బు తీసుకున్న వంట గనుక పూటకూళ్ళమ్మ. మా నాయనమ్మ హోటలును అసహ్యించుకోవడం వెనక ఉన్నది ఈ తూకమే అని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఆమెకు హోటలు రుచి మీద ఫిర్యాదు లేదు. "ఎవరు వండారో తెలియదు, ఎవరి పక్కన కూర్చున్నామో తెలియదు, పైగా డబ్బిచ్చి!" అనేది. ఈ మూడింటిలో రెండవదే అసలు సంగతి.

మరి ప్రయాణాల్లో మన పెద్దలు ఏం తినేవారు? ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రచరిత్ర చూస్తే తెలుస్తుంది. 1830 మే నెలలో మద్రాసు నుంచి బయలుదేరి, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశీ పోయి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిన ఆయన, దారి పొడవునా ఏ ఊళ్ళో ఏ సరుకు దొరుకుతుందో, దిగడానికి వసతి ఎక్కడుందో వ్రాసుకుంటూ పోయారు. ఆ రోజుల్లో ప్రయాణికుడికి కావలసింది వండిన అన్నం కాదు. బియ్యం, కట్టెలు, నీళ్ళు, పొయ్యి పెట్టుకోవడానికి నీడ. వంట మాత్రం తనవాళ్ళే చేయాలి. సత్రమంటే మొదట నీడ, ఆ తర్వాతే అన్నం. అన్నం పెట్టే సత్రాల్లోనూ ఏ కులానికి ఏ పంక్తి అన్న లెక్క తప్పేది కాదు.

మా ప్రాంతంలో ఈ ప్రయాణాలన్నీ భద్రాచలం చుట్టూ తిరిగేవి. పదిహేడవ శతాబ్దిలో తానీషా ఏలుబడిలో కంచెర్ల గోపన్న కట్టించిన గుడి అది. 1860లో నిజాం నది ఎడమగట్టున ఉన్న భద్రాచలం ప్రాంతాన్ని ఇంగ్లీషువారికి వదులుకున్నాడు. అది ముందు సెంట్రల్ ప్రావిన్సెస్‌లోనూ, 1874 నుంచి మద్రాసు రాజధానిలోనూ ఉంది. అంటే మా వైపు ఒడ్డు నిజాముది, రాములవారున్న ఒడ్డు తెల్లవాడిది. 1959లో భద్రాచలాన్ని ఖమ్మం జిల్లాలో కలిపేదాకా రెండు ఒడ్డులూ రెండు జిల్లాలే. 1965లో వంతెన వచ్చేదాకా నది దాటాలంటే పడవే గతి. మా నాయనమ్మ పెళ్ళయిన కొత్తలో శ్రీరామనవమికి బండి కట్టుకుని పోయారట. బండిలో మూడు రోజులకు సరిపడా సద్ది: చింతపండు పులిహోర, పేలపిండి, బెల్లం, మజ్జిగలో నానిన మిరపకాయలు. "రాములవారి ఊళ్ళో కూడా కొనుక్కుని తినలేదు మేము" అని ఆమె గర్వంగా చెప్పేది.

ఈ సద్దిమూట లోకాన్ని బద్దలుకొట్టినది భక్తి కాదు, బొగ్గు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గు కనుగొన్నాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది. 1920లో దానికి సింగరేణి కాలరీస్ అన్న పేరు వచ్చింది. ఇల్లందు తర్వాత కొత్తగూడెం, డెబ్బయ్యవ దశకంలో మణుగూరు. బావి తెరిచినచోటికల్లా పొలం లేని మనుషులు నాలుగు దిక్కుల నుంచి వచ్చారు. పెళ్ళాం పిల్లలు ఊళ్ళో, మొగవాడు బావి దగ్గర. షిఫ్టు వేళలకు ఇంటి పొయ్యి వెలగదు. సద్ది ఎన్ని రోజులుంటుంది? అందుకే బొగ్గు ఊళ్ళలో ఇళ్ళకన్నా ముందు హోటళ్ళు లేచాయి. 1952 గనుల చట్టం కింద 1955లో చేసిన నియమాలు రెండువందల యాభైమందికి మించి పనిచేసే గనిలో క్యాంటీన్ ఉండాలన్నాయి. అన్నం అమ్మడం తప్పన్న సమాజంలో, అన్నం అమ్మకపోవడం తప్పని ప్రభుత్వం నిబంధన పెట్టింది! బావిలో దిగే మనిషి ఎవరి పక్కన నిలబడి తట్ట ఎత్తుతున్నాడో, పైకి వచ్చాక వాడి పక్కనే కూర్చుని చాయ్ తాగాలి. భూమి కింద లేని అంటు భూమి మీద నిలబెట్టడం కొంత కష్టమే.

మా చిన్నప్పటి మణుగూరులో హోటళ్ళు మూడు రకాలని నా లెక్క. మొదటిది టిఫిను హోటలు: ఇడ్లీ, పూరీ, దోసె, ఉప్మా. ఉడిపి వంటవాళ్ళు దక్షిణాది పట్టణాలన్నిటికీ తీసుకుపోయిన పద్ధతికి ఇది మా అడవి నకలు. రెండవది చాయ్ హోటలు, హైదరాబాదు ఇరానీల నుంచి వచ్చిన అలవాటు: పాలరాతి బల్ల లేకపోయినా, సాసరులో పోసుకుని జుర్రడం మాత్రం అదే. మూడవది భోజన హోటలు. దాని ప్రత్యేకత ఒక్కటే, తెల్లటి వరి అన్నం. ఇవాళ ఇది విశేషంగా తోచదు. కానీ మా వైపు చాలా ఇళ్ళలో రోజువారీ తిండి జొన్నగటక, అంబలి. వరి అన్నమంటే పండుగ. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాకే అది రోజూ పొయ్యి మీదికి ఎక్కింది. కూలివాడు హోటల్లో అడుగుపెట్టడమంటే, డబ్బిచ్చి ఒక పూట పండుగను కొనుక్కోవడమన్నమాట.

మేము మణుగూరు పోయేది నాన్నగారి జీతం వచ్చిన తర్వాతి ఆదివారం. బట్టలో, పుస్తకాలో, కిరోసిన్ పొయ్యి వత్తులో కొనేసరికి మధ్యాహ్నమయ్యేది. నాన్నగారు మమ్మల్ని హోటలుకు తీసుకుపోయేవారు. లోపల ఒక మూలకు చెక్క గోడ అడ్డుపెట్టి, దానికి పూలగుడ్డ తెర వేలాడదీసి, పైన 'ఫ్యామిలీ రూమ్' అని వ్రాసి ఉండేది. ఆ తెర వెనక ఫ్యాను ఉండదు, కిటికీ ఉండదు. అమ్మ, చెల్లి, నేను అందులో చెమటలు కక్కుతూ పూరీలు తినేవాళ్ళం. తెర అవతల మొగవాళ్ళు హాయిగా గాలికి కూర్చుని పేపరు చదువుకునేవారు. అమ్మ తినేది కాదు. "నాకు ఆకలి లేదు, ఇంటికి పోయి తింటాను" అనేది. ఏళ్ళ తరబడి ఆమెకు మణుగూరులో ఆకలి వేయలేదు.

దీన్ని అమ్మ మడిగా అనుకున్నాను చాలాకాలం. అది కొంతవరకే నిజం. పెద్దయ్యాక అడిగితే ఆమె చెప్పింది వేరే: "మీ నాన్న జేబులో ఎంత ఉందో నాకు తెలుసు కదా." ఇంట్లో ఆఖరున తినే అలవాటు హోటల్లోకీ ఆమెతోపాటే వచ్చింది. ఇంట్లో అయితే గిన్నెలో మిగిలింది తినవచ్చు. హోటల్లో మిగలడమన్నది ఉండదు గనుక తినకుండా ఉండిపోయింది. ఆడవాళ్ళు హోటలుకు పోవడమన్నది తెర తీసేస్తే వచ్చే స్వేచ్ఛ కాదని, ముందు ఇంట్లో విస్తళ్ళు వేసే వరుస మారాలని ఆ మాటతో తెలిసింది. అమ్మ మొదటిసారి హోటల్లో పూర్తి భోజనం చేసింది నాకు ఉద్యోగం వచ్చాక. వడ్డించే అబ్బాయి రెండవసారి అన్నం తెచ్చినప్పుడు ఆమె కొంచెం సిగ్గుపడింది. తన విస్తట్లోకి ఎవరో అడిగి వడ్డించడం ఆమెకు బహుశా పెళ్ళినాటి తర్వాత అదే మొదలు.

ఇక ఇంతకన్నా బరువైన సంగతి. మేము బస్సు కోసం నిలబడే ఒక చాయ్ కొట్టు ఉండేది. ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. అటువంటి కొట్లు తెలుగునాట వేలల్లో ఉండేవి. లోపల గాజు గ్లాసులు. బయట పందిరి గుంజకు కొట్టిన మేకులకు నాలుగు సత్తు గ్లాసులు వేలాడుతుండేవి. కొందరు వచ్చి ఆ సత్తు గ్లాసు తామే తీసుకుని, తామే కడుక్కుని, ఎత్తు నుంచి పోసిన చాయ్ పట్టుకుని, నేల మీద కూర్చుని తాగి, మళ్ళీ కడిగి, మేకుకు తగిలించి పోయేవారు. వాళ్ళూ అంతే డబ్బు ఇచ్చేవారు. వాళ్ళలో నా తరగతి పిల్లవాడి తండ్రి ఒకరు. బడిలో నాన్నగారు అంటరానితనం నేరమని పాఠం చెప్పేవారు; పుస్తకం అట్ట మీద కూడా ఆ మాట అచ్చువేసి ఉండేది. కొట్టు దగ్గర ఏమీ అనేవారు కాదు. ఒకసారి అడిగాను. "రేపు మళ్ళీ ఈ దారినే పోవాలి కదరా" అన్నారు. ఆ ఒక్క వాక్యంలో ఉన్నంత సాంఘిక చరిత్ర నేను ఏ గ్రంథంలోనూ చదవలేదు.

చట్టం దృష్టిలో ఆ మేకులు అప్పటికి ముప్పై ఏళ్ళ కిందటే ఊడిపోయి ఉండాలి. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగం పదిహేనవ అధికరణలో దుకాణాలు, రెస్టారెంట్లు, హోటళ్ళలోకి ప్రవేశం విషయంలో కులం పేర ఏ అడ్డూ ఉండకూడదని స్పష్టంగా వ్రాసుకున్నాం. ఒక దేశం తన మూలశాసనంలో, ప్రాథమిక హక్కుల మధ్య, హోటలును పేరు పెట్టి ప్రస్తావించిందంటే అక్కడ ఎంత అవమానం జరిగి ఉండాలో ఊహించుకోండి. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. 1976లో దాన్ని పదును పెట్టి పౌర హక్కుల రక్షణ చట్టమన్నారు. ఇటు మద్రాసులో, హోటళ్ళ పేరులో 'బ్రాహ్మణ' అన్న మాట ఉండకూడదని 1957లో పెరియార్ అనుచరులు ట్రిప్లికేన్‌లోని మురళీ కఫే ముందు ఆందోళనకు దిగారు. అటు అమెరికాలో, 1960 ఫిబ్రవరి 1న నలుగురు నల్లజాతి విద్యార్థులు గ్రీన్స్‌బరోలోని వూల్‌వర్త్ దుకాణంలో తెల్లవారికే కేటాయించిన భోజనపు బల్ల ముందు కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వలేదు. లేవలేదు. ఆ కూర్చోవడం ఊరూరా పాకింది. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. ఒక కప్పు కాఫీ, ఒక గ్లాసు చాయ్, ఒక స్టూలు: సమానత్వం గురించిన పోట్లాటలు ఎంత చిన్న వస్తువుల చుట్టూ జరుగుతాయో చూడండి. గ్రీన్స్‌బరో సంగతి చదివినప్పుడు నాకు ఆ సత్తు గ్లాసులే కళ్ళముందు మెదిలాయి.

కోయవాళ్ళ సంగతి ఇంకో తీరు. భోజన హోటల్లో మాకు వేసే విస్తరి మోదుగాకుది. ఆ ఆకు కోసి, ఎండబెట్టి, పుల్లలతో కుట్టి కట్టలు కట్టేది ఎక్కువగా గూడేల ఆడవాళ్ళే. సంతరోజు ఆ కట్టలు నెత్తిన పెట్టుకుని వచ్చి, హోటలు వెనక వాకిట దింపి, యజమాని ఇచ్చింది పుచ్చుకుని పోయేవారు. ఆ విస్తట్లో వాళ్ళు తినగా నేను చూడలేదు. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకూడదని 1970లో ఒకటో నంబరు రెగ్యులేషన్ వచ్చింది. మనవాళ్ళు 'వన్ ఆఫ్ సెవెంటీ' అంటారు. అయినా మా చిన్నప్పుడు రోడ్డు పక్క హోటలు యజమానులు నాకు తెలిసినంతలో అందరూ బయటివారే. అడవి నుంచి ఆకు వచ్చింది, కట్టె వచ్చింది, తేనె వచ్చింది. బల్ల ముందు చోటు మాత్రం వాళ్ళకు రాలేదు.

అలాగని వాళ్ళకు బయట తినడం తెలియక కాదు. నిజానికి మా అందరికన్నా బాగా తెలిసినది వాళ్ళకే. ఇప్పపువ్వు రాలే కాలంలో, తునికాకు కోసే కాలంలో సంసారమంతా అడవిలోనే. కొత్త పంట గానీ కొత్త కాయ గానీ ముందు వేల్పుకు పెట్టి, గూడెమంతా కలిసి పండుగ చేసుకున్నాకే నోట పెట్టుకుంటారు. ఎవరింట్లో వాళ్ళు ముందే తినేయడం తప్పు. 1940లలో ఈ అడవుల్లో తిరిగిన ఫ్యూరర్ హైమండార్ఫ్ కొండరెడ్ల గురించి వ్రాసిన పుస్తకంలో, కరువు కాలంలో జీలుగు చెట్టు బోదె నుంచి తీసిన పిండితో వాళ్ళు ఎలా గడిపేవారో నమోదు చేశాడు. ఉన్నదేదో నలుగురూ పంచుకోవడమన్నది అక్కడ నీతి పాఠం కాదు, బతికే పద్ధతి. రెండేళ్ళకోసారి జరిగే మేడారం జాతరకు పోయినవారికి తెలుస్తుంది: సమ్మక్క సారలమ్మలకు బెల్లం మొక్కి, చెట్ల కింద మూడు రాళ్ళ పొయ్యిలు పెట్టుకుని లక్షల కుటుంబాలు వండుకు తింటాయి. పక్క పొయ్యివారిది ఏ ఊరో, ఏ కులమో అడిగే తీరిక ఎవరికీ ఉండదు. ఉప్పు అయిపోతే పక్కవారి దగ్గర చేయి చాపడమే.

మా వనభోజనాలు దీనికి నాజూకు రూపం. కార్తీకమాసంలో ఒక ఆదివారం ఊళ్ళో ఉద్యోగుల కుటుంబాలన్నీ, బడి పంతుళ్ళు, ఫారెస్టు గార్డు, పోస్టుమాస్టరు, కాంపౌండరు, కలిసి వాగు ఒడ్డున ఉసిరిచెట్టు కిందికి పోయేవాళ్ళం. వంటకు రాళ్ళు, వడ్డనకు మోదుగాకులు. అడవి ఊరికి బదిలీ మీద వచ్చిన కుటుంబాలు గనుక, ఒక్కో కులానికి ఒక్కో ఇల్లే ఉండేది. విడివిడిగా పంక్తులు వేయాలంటే పంక్తికి ముగ్గురు కూడా రారు! అవసరమే అందరినీ ఒక వరుసలో కూర్చోబెట్టింది. మా నాయనమ్మ మాత్రం తన సద్దిగిన్నె వేరే తెచ్చుకుని కొంచెం ఎడంగా కూర్చునేది.

ఆమె ఆ ఎడం తగ్గించుకున్నది ఒక్కసారే. 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర డెబ్బై అయిదున్నర అడుగులు దాటింది. ఇప్పటికీ అంత ఎత్తు మళ్ళీ రాలేదు, 2022 జూలైలో కూడా డెబ్బై ఒకటి దగ్గర ఆగింది. ఒడ్డు ఊళ్ళ జనం మెట్టకు చేరారు. మా బడి గదుల్లో పదుల కుటుంబాలు తలదాచుకున్నాయి. వరండాలో రెండు గుండిగలు పెట్టి అన్నం, చారు కాచారు. వండినవాళ్ళలో కోయవాళ్ళున్నారు, మాదిగవాళ్ళున్నారు, నాన్నగారున్నారు. మా ఇంట్లోకీ నీళ్ళు వచ్చి పొయ్యి ఆరిపోయింది. రెండవరోజు సాయంత్రం నాయనమ్మ ఏమీ అనకుండా విస్తరి తీసుకుని వరుసలో కూర్చుంది. తర్వాత ఆ సంగతి ఎవరు ఎత్తినా మాట మార్చేది. నీళ్ళు తీశాక మళ్ళీ తన సద్దిగిన్నె తనకే. వరద మనుషులను మార్చేస్తుందని కథల్లో వ్రాస్తారు. నేను చూసినంతలో అది మారవచ్చునని చూపించి పోతుంది, అంతే.

పల్నాటిలో బ్రహ్మనాయుడి చాపకూడు కథ మనందరికీ తెలుసు. అన్ని కులాలవారూ ఒకే చాప మీద తినడం పన్నెండవ శతాబ్దిలోనే ఒక తెలుగు నాయకుడు తలపెట్టిన పని అని గర్వంగా చెప్పుకుంటాం. దాన్ని ఇంకా కథగా చెప్పుకోవలసి రావడమే అసలు విచారం. హోటలు ఆ పనిని ఆదర్శం కోసం కాక డబ్బు కోసం చేసింది. అయినా చేసింది. గల్లాపెట్టె దగ్గర నాణేనికి కులం లేదని యజమానికి తెలియడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది, అంతే తేడా. బడి కూడా ఆ పనే చేస్తున్నది: 2003 జనవరి నుంచి మన సర్కారు బడుల్లో పిల్లలకు వండిన మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. ఎవరు వండాలన్న దాని మీద అక్కడక్కడా తగాదాలు వచ్చిన మాట నిజమే కానీ, ఒక తరం పిల్లలు పక్కపక్కన పళ్ళేలు పెట్టుకుని పెరిగిన మాట కూడా అంతే నిజం.

ఇప్పుడు ఏడూళ్ళ బయ్యారం అడ్డరోడ్డు దగ్గర బిర్యానీ దొరుకుతుంది, నూడుల్స్ దొరుకుతాయి. భద్రాద్రి థర్మల్ కేంద్రం వచ్చాక మణుగూరు, పినపాకల మధ్య మెస్సులు పెరిగాయి. బీహారు నుంచి వచ్చిన కూలీ, మా గూడెం నుంచి బీటెక్ చదివిన కుర్రవాడు ఒకే బల్ల ముందు తింటున్నారు. ఫ్యామిలీ రూము తెరలు పోయి ఏసీ గదులు వచ్చాయి. సత్తు గ్లాసుల మేకులు ఎక్కడా కనబడడం లేదు. కాగితపు కప్పు వచ్చి ఆ తగవును మరోలా తీర్చింది. అందరిదీ ఎంగిలి కప్పే, అందరిదీ చెత్తబుట్టకే.

కానీ వనభోజనాలకు మాత్రం ఈ రోజుల్లో కార్తీకం రాగానే పట్నాల్లో కరపత్రాలు, బ్యానర్లు లేస్తాయి: ఫలానా కులస్థుల వనభోజన మహోత్సవం. నగరం బయటి తోటలో, ఉసిరిచెట్టు కింద, ఒకే కులంవారు వేలమంది కూర్చుని భోంచేసి, నాయకుల ఉపన్యాసాలు విని ఇళ్ళకు పోతారు. మా నాయనమ్మకు మైలగా తోచిన హోటలు ఎవరినీ కులం అడగడం మానేసింది. ఆమె పుణ్యమనుకున్న చెట్టునీడ మాత్రం కులం అడగడం నేర్చుకుంటున్నది. ఆహ్వానపత్రిక అందినప్పుడల్లా నేను మర్యాదగా సెలవు పుచ్చుకుంటున్నాను. ఆ ఆదివారం మా అమ్మను తీసుకుని ఏదో ఒక మామూలు హోటలుకు పోతాం. ఇప్పుడామెకు ఆకలి వేస్తున్నది; ముందుగా ఆమె విస్తట్లోనే వడ్డించమని చెబుతాను.